గాజుతొట్టిలో నాగన్నకు గద్దె

1963 జూన్ నెలలో నాకు కరీంనగర్‌లోని మత్స్యశాఖ కార్యాలయంలో ఫిషరీస్ అసిస్టెంటుగా మొదటి పోస్టింగు వచ్చింది. ఈ హోదా ఏమిటో బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. పైన జిల్లా అధికారి, ఆయన కింద ఇన్‌స్పెక్టరు, ఆ కింద అసిస్టెంటు, చివర జవాను. అసిస్టెంటు పనంతా చెరువుల మీదే. చేపపిల్లలను కుండల్లో తెచ్చి వదలాలి, వలల కన్ను కొలవాలి, నీళ్ళ లోతు చూసి రాయాలి. జంతుశాస్త్రంలో డిగ్రీ ఉందని నన్ను తీసుకున్నారు. తీసుకున్నాక, నడుములోతు నీళ్ళలోకి ఒక ఆడపిల్లను ఎట్లా పంపాలో ఎవరికీ తోచలేదు. చెరువుల వేలం కాగితాలు కొట్టమని టైపు మిషను ముందు కూర్చోబెట్టారు.

నేను ఎదురు చెప్పలేదు. ఆ రోజుల్లో నేను ఎవరికీ ఏదీ చెప్పేదాన్ని కాదు. చెప్పాలనుకున్నవన్నీ సాయంత్రం గదికి వెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. డైరీలో మాత్రం చాలా ధాటిగా మాట్లాడేదాన్ని.

మా అధికారి పేరు నరసింగరావు గారు. మంచి మనిషి. లోకంలో ప్రతి పనికీ ఒక ప్రొసీజరు ఉంటుందని, అది ఎక్కడో ఒకచోట అచ్చై ఉంటుందని ఆయన నమ్మకం. అది దొరికేదాకా ఆయనకు నిద్ర పట్టదు, దొరికాక మాకు పట్టదు.

ఆ ఏడాది జిల్లా కేంద్రంలో ఒక చేపల గది పెట్టాలని పైకి ప్రతిపాదన వెళ్ళింది. గోడ పొడవునా గాజుతొట్లు పేర్చి, మన చెరువుల చేపలను బడిపిల్లలు దగ్గరగా చూసే ఏర్పాటు చేయాలని. హైదరాబాదు నుంచి డిప్యూటీ డైరెక్టరు శ్రావణమాసంలో తనిఖీకి వస్తారని, ఆయనకు చూపించడానికి నమూనాగా ఒక తొట్టి సిద్ధం చేసి ఉంచమని ఉత్తర్వు. ఆఫీసు కప్పు వానకు కారుతుంది కనుక తొట్టిని సార్ ఇంటి ముందుగదిలో పెట్టాలని నిర్ణయమైంది. పని నాకు అప్పగించారు. ఇంట్లో పని కాబట్టి మీకు అలవాటే ఉంటుందని సార్ అన్నారు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఆయనకు నిజంగానే అట్లా అనిపించింది.

చేపల గది మంజూరైతే దాన్ని చూసుకునే బాధ్యత నాకే ఇస్తానని కూడా ఆయన చెప్పారు. కాకపోతే నాకు టైపు మిషనే గతి. డిగ్రీలో నేను చదివింది చేపల గురించి. చెరువుల వేలం కాగితాల్లో చేప అన్న మాట వస్తుంది గానీ చేప రాదు. అందుకని ఆ తొట్టి నాకు చాలా ముఖ్యం.

తొట్టి ఇనుప చట్రంలో గాజు పలకలు బిగించి, సందులకు పుట్టీ పూసి చేసినది. చేపలు రెండు రకాలు. హైదరాబాదు నుంచి తెప్పించిన బంగారు చేపలు, మానేరు మడుగుల్లో పట్టిన పరకలు. ఇసుక, గులకరాళ్ళు, నీటి మొక్కలు సరే. వాటితో పాటు ఒక కర్ర కావాలి. అలంకారానికే కాదు. చాటు లేని తొట్టిలో చేపలు ఒక మూలకు చేరి బిక్కుబిక్కుమంటూ ఉంటాయి. కర్ర ఉంటే దాని నీడన తిరుగుతాయి, రంగు కూడా తేరుతుంది.

కర్ర సార్ స్వయంగా తెచ్చారు. గోదావరి అవతల, ఆదిలాబాదు జిల్లా లక్షెట్టిపేటకు క్యాంపు వెళ్ళినప్పుడు, మొదటి వరద తీసిన ఇసుకలో కనిపించిందట. ఏదో చెట్టు వేరు. బెరడంతా నది ఒలిచేసింది. మూర పొడవు ఉంటుంది. నడుమ వంపు, ఒక చివర వెడల్పుగా చదునై ముందుకు వంగి ఉంది. మా జవాను మల్లయ్య దాన్ని జీపులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మల్లయ్య నిజాం కాలం నాటి మనిషి. ఆఫీసును దఫ్తరు అనేవాడు, ఫైలును మిసలు అనేవాడు, నన్ను అమ్మా అనేవాడు.

నదిలో కొట్టుకొచ్చిన కర్రను తెచ్చి తిన్నగా తొట్టిలో వేయకూడదు. ముందు గోటితో నొక్కి చూసి, పుచ్చిన భాగం ఉంటే చెక్కేయాలి. గట్టి కుంచెతో రుద్ది కడగాలి. పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి ఉడకబెట్టాలి. లోపలి పురుగు చస్తుంది, కర్రలోని కషాయమంతా దిగుతుంది. దిగకపోతే తొట్టిలో నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. తర్వాత తొట్టెడు నీళ్ళలో నానేసి, నీళ్ళు మారుస్తూ ఉండాలి. సార్ ఇంటి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద నేను, మల్లయ్య ఈ పని పెట్టుకున్నాము. గంగాళంలో నీళ్ళు ఎర్రగా మరుగుతుంటే మల్లయ్య కట్టెతో కర్రను తిప్పుతూ, “చారైతే మంచిగ కాగుతున్నదమ్మా. పోపు వెయ్యాల్నా?” అన్నాడు. డిప్యూటీ డైరెక్టరు వచ్చినప్పుడు ఒక గ్లాసు పోద్దామన్నాడు. నేను నవ్వు దాచుకోవడానికి పొయ్యి ఊదాను.

అన్నీ చేసినా కర్ర మునగలేదు. ఎండిన వేరు లోపల గాలి నిండి ఉంటుంది. అది పూర్తిగా నీళ్ళు పీల్చడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. మాకు నెలలు లేవు. తొట్టిలో పెట్టగానే కర్ర పైకి తేలి, వెడల్పు చివరను గాలిలోకి ఎత్తి, తోక ఊపుకుంటూ ఒక చుట్టు తిరిగింది. చేపలను ఇంకా వేయలేదు కాబట్టి భయపడింది మేమే.

సార్ ముందుగా, కర్రను రెండు పక్కల గాజుల మధ్య బిగించి పెడదామన్నారు. బిగించిన కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఉబ్బితే పగిలేది గాజే. నేను “ఉబ్బుతది సార్” అన్నాను. ఆ నెలలో ఆయనతో నేను మాట్లాడిన పెద్ద వాక్యం అదే. ఆయన కాసేపు గాజును, నన్ను చూసి ఆ ఆలోచన మానుకున్నారు. ఇనుప మేకులు తుప్పు పడతాయి. రాగి తీగ నీళ్ళలో కొద్దికొద్దిగా కరిగి చేపలకు విషమవుతుంది. జనపతాడు కుళ్ళి కంపు కొడుతుంది. ఇవన్నీ ఆయనకు తెలుసు, ఎక్కడో అచ్చులో చదివారు. ఇక మిగిలింది నైలాను దారంతో రాయి కట్టడం. నైలాను అప్పుడప్పుడే వలలకు వస్తున్నది, ఆఫీసులో ఒక ఉండ ఉంది. రాయి మాత్రం సున్నం లేనిదై ఉండాలి. సున్నం ఉన్న రాయి నీళ్ళను కఠినజలంగా మారుస్తుంది. పరీక్ష తేలిక. నిమ్మరసం చుక్క వేస్తే సున్నపురాయి నురగ కక్కుతుంది. సార్ రెండు రోజులు చేతిలో నిమ్మచెక్కతో ఇంటి చుట్టూ తిరిగి కనిపించిన ప్రతి రాతి మీదా పిండారు.

మూడోరోజు నేను వెళ్ళేసరికి కర్ర మునిగి ఉంది. వెడల్పు చివరకు కింద, సన్నగా ఉన్నచోట నైలాను దారం, దారానికి నల్లటి నున్నటి రాయి. చూడగానే పొత్రమని తెలిసింది. రోట్లో పప్పు రుబ్బడానికి, తొక్కు నూరడానికి వాడే పొత్రం. ఇంట్లో పాతది ఏదో పడి ఉంటే తెచ్చారనుకున్నాను. దీని మీద నిమ్మరసం అస్సలు పొంగలేదని సార్ గర్వంగా చెప్పారు.

అప్పుడే రాజవ్వ వచ్చింది. రాజవ్వ సార్ తల్లి. సార్ భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్ళడంతో ఇల్లంతా ఆమె చేతుల మీదే నడుస్తున్నది. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. తొట్టి ముందు వంగి ఒక చూపు చూసి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“ఇదేందిరా?”

“కర్ర అవ్వా. తేలకుంట రాయి కట్టినం.”

“కర్రనా? పడగ కనవడ్తలేదా నీకు? నాగన్నరా! నాగన్న మెడకు రాయి కట్టి నీళ్ళల్ల ముంచినవా? పగోన్ని సుత గట్ల ముంచరు గదరా!”

కర్రను మేమందరం మళ్ళీ చూశాము. ఆమె అన్నాక అది పడగ కాకుండా మరొకటిగా కనిపించడం కష్టమైంది. మల్లయ్య చెప్పులు విడిచి చేతులు జోడించాడు. ఆ కర్రను గంగాళంలో ఉడకబెట్టి కట్టెతో అటూ ఇటూ పొడిచింది తనేనన్న సంగతి అతనికి గుర్తొచ్చినట్టుంది. “ఉడకవెట్టిన్నాడు గీ ముచ్చట ఎరుక లేకుండె తల్లీ” అని చిన్నగా అన్నాడు.

సార్ చదువుకున్నవాడు. కానీ తల్లి నలుగురి ముందు నాగన్న పేరెత్తాక, అది కర్రేనని వాదించే ప్రొసీజరు ఎక్కడా అచ్చు కాలేదు. మెడకు కట్టిన దారం విప్పించారు. అయితే నిమ్మరసం పొంగని రాయిని వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదు. దాన్ని కర్ర రెండో చివర మీద, అంటే తోక మీద, ఊరికే పెట్టించారు. “మెడకు కట్టలే అవ్వా. తోక మీద జర బరువు పెట్టినం, అంతే” అన్నారు.

రాజవ్వ దాన్నీ వంగి చూసింది. “తోక తొక్కితే నాగన్న ఊకుంటడా?” అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి తొట్టి గాజుకు బయట పసుపు, కుంకుమ బొట్లు కనిపించసాగాయి. ఆఫీసుకు వెళ్ళే ముందు వచ్చి వాటిని తడిగుడ్డతో తుడవడం నా పనుల్లో ఒకటైంది. తుడిచినప్పుడల్లా వంటింటి గుమ్మంలోంచి ఆమె నన్ను చూసేది. వారం తిరిగేసరికి పెద్ద మాట బయటపెట్టింది. వచ్చే నాగుల పంచమికి పుట్ట దగ్గరికి పోయే పని లేదట. నాగన్న ఇంటికే వచ్చిండు కాబట్టి పాలు తొట్టిలోనే పోస్తుందట.

పంచమి మరునాడే డిప్యూటీ డైరెక్టరు రావలసిన రోజు.

తొట్టిలో పాలు పోస్తే ఏమవుతుందో చెప్పాలి. పాలు నీళ్ళలో విరిగి కుళ్ళుతాయి. కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువునంతా తినేస్తాయి. సాయంత్రానికి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. తెల్లారేసరికి తెల్లటి నీళ్ళు, తేలిన చేపలు, ఇల్లంతా కంపు. డిప్యూటీ డైరెక్టరు ముక్కు మూసుకుని జీపెక్కుతారు. నేను టైపు మిషను ఎక్కుతాను.

తల్లితో తాను మాట్లాడలేనని, ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ మాట్లాడుకుంటేనే బాగుంటుందని సార్ నాకు చెప్పారు. ఇది మౌఖిక ఉత్తర్వు. ఆ మధ్యాహ్నమే ఆయన ఆఫీసులో టిఫిన్ డబ్బా విప్పి, ఈ మధ్య అవ్వ చేతి తొక్కుకు రుచి పోయింది, పెద్దతనం వచ్చింది కదా అని నిట్టూర్చారు. ఆ మాట డైరీలో రాసుకున్నాను. అందులో ఏదో విశేషం ఉందని తెలిసి కాదు. సార్ తొక్కు మీద కూడా రిమార్కు రాసే మనిషని నవ్వొచ్చి రాసుకున్నాను.

రెండు రోజులు నేను రాజవ్వ దగ్గరికి వెళ్ళలేదు. పిరికితనం ఒకటి. రెండోది, వెళ్ళి ఏం చెప్పాలి? నాగన్నను కర్ర అనమని అడగలేను. నాగన్నేనని ఒప్పుకుంటే పాలు వద్దనలేను. చెప్పడానికి ఏమీ లేక, పని గురించే ఆలోచించాను. కర్రకు బరువు వేలాడదీస్తే అది మెడకు రాయి కట్టడమే. బరువు పైన పెడితే తోక తొక్కడమే. మిగిలింది కింద. చదునైన బండను అడుగున పెట్టి, కర్రను దాని మీద నిలబెట్టి, కింది నుంచి చీల కొడితే? బండను ఇసుకలో పూడ్చేస్తే పైకి ఏమీ కనిపించదు. నిజానికి పని పరంగా కూడా అదే మెరుగు. దారం ఎన్నటికైనా జారుతుంది, పైన పెట్టిన రాయి దొర్లి గాజును కొడుతుంది. అడుగున ఉన్న బండ ఎక్కడికీ పోదు.

మా ఇళ్ళల్లో పరిచే షాబాదు బండ పనికిరాదు. అది సున్నపురాయి, నిమ్మరసానికి బాగా పొంగుతుంది. ఊరి చివర రోళ్ళు, తిరుగళ్ళు చెక్కేవాళ్ళ దగ్గరికి మల్లయ్యతో వెళ్ళి, నల్లరాతి చెక్క ఒకటి ఎంచుకుని, నడుమ రంధ్రం వేయమని అడగాలి. అడగడమంటే, నేను మల్లయ్య చెవిలో చెప్తే మల్లయ్య వాళ్ళకు గట్టిగా చెప్పాలి. మేకుకు బదులు ఎండిన వెదురు చీల. ఎండు వెదురు నీళ్ళలో నాని ఉబ్బుతుంది, ఉబ్బితే రంధ్రంలో ఇంకా బిగుస్తుంది. గాజు మధ్య బిగిస్తే నష్టం చేసే గుణమే ఇక్కడ లాభం చేస్తుంది.

ఇంతా అనుకున్నాక ఒక చిక్కు మిగిలింది. చీల దిగాలంటే కర్రకు అడుగున బర్మాతో తొలవాలి. నాగన్నకు బొక్క పెట్టడానికి రాజవ్వ ఒప్పుకోవాలి. ఇక వెళ్ళక తప్పలేదు.

చెప్పవలసింది ముందే కాగితం మీద రాసుకుని, బట్టీ పట్టి వెళ్ళాను. రాజవ్వ వంటింట్లో రోలు పక్కన కూర్చుని, పచ్చిమిరపకాయలను కత్తిపీట మీద సన్నగా తరుగుతున్నది. రోలు మీద పళ్ళెం బోర్లించి ఉంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

“లోపటికి రా పిల్లా. గుమ్మం నీకేమన్న అప్పున్నదా, గట్ల పట్టుకున్నవు?” అంది.

బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. తోచినట్టు చెప్పాను. “అవ్వా, నాగన్నకు గద్దె చేపిద్దామనుకుంటున్న. కింద బండ ఉంటది. దాని మీద నాగన్న కూసుంటడు. మెడకు కట్టుడు ఉండది, తోక మీద పెట్టుడు ఉండది. కాకుంటే అడుగున చిన్న...”

ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు. “గద్దె చేపిస్తే గా రాయి తీసేస్తరా?”

“తీసేస్తం అవ్వా.”

“తొట్టిలకెల్లి బయటికి?”

“బయటికే.”

“ఐతే జల్ది కానియ్యి బిడ్డా. నాగన్నదేమున్నది, గద్దె మీద మంచిగ కూసుంటడు.”

అడుగున బర్మాతో బొక్క పెట్టాలని చెప్పాను. దానికి ఫికర్ చేయకు అన్నట్టు ఆమె కత్తిపీట మీద నుంచే చెయ్యి ఊపింది. నేను బయటికి వచ్చాను గానీ ఆశ్చర్యం పోలేదు. అన్ని రోజులు బొట్లు పెట్టిన మనిషి, దేవుడికి బర్మా పెడతామంటే ఏ వైపు నుంచి అని కూడా అడగలేదు. ఇక పాల సంగతి ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. అది అట్లాగే ఉండిపోయింది.

బండ వచ్చింది. ఇంటి ముందు వడ్రంగి కర్రకు అడుగున తొలిచాడు. మల్లయ్య అటు తిరిగి నిలబడ్డాడు. చీలను కింది నుంచి బండలోకి, బండలోంచి కర్రలోకి దించి, కింద మిగిలిన కొస కోసేశాము. పెరటి తొట్టిలో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున పడగ పట్టుకుని లాగి చూశాము. బండతో సహా లేచింది గానీ చీల కదలలేదు. సార్ ఇంటి ముందుగదిలో తొట్టి ఖాళీ చేసి, అడుగున బండ పెట్టి, పైన కడిగిన ఇసుక పోసి, అంచుల్లో గులకరాళ్ళు సర్ది, మొక్కలు నాటి, ఇసుక లేవకుండా తామరాకు మీద నుంచి నెమ్మదిగా నీళ్ళు పోశాము. పడగ ఇసుకలోంచి లేచి నిలబడ్డట్టు కనిపించింది. నీళ్ళు తేరాక చేపలను వదిలాము. పరకలు వెంటనే పడగ నీడలోకి వెళ్ళాయి. బంగారు చేపలు కొంతసేపు అనుమానించి అవీ వెళ్ళాయి.

తీసిన పొత్రాన్ని నేను కడిగి గుమ్మం పక్కన పెట్టాను. పని సర్దుకుని చూసేసరికి అక్కడ లేదు.

పంచమి పొద్దున నన్ను తొందరగా రమ్మని సార్ కబురు పెట్టారు. తొట్టి దగ్గర కాపలాకు. ఆపమని కాదు, ఎన్ని పాలు పడ్డాయో చూసి, వెంటనే నీళ్ళు మార్చడానికి సిద్ధంగా ఉండమని. గోలెం నిండా తేరిన నీళ్ళు, రబ్బరు గొట్టం, బకెట్లు వరుసగా పెట్టించారు. ఆయన పట్టు పంచె కట్టుకుని, ముఖంలో తనిఖీ భయంతో తొట్టికి ఒక పక్క నిలబడ్డారు. మల్లయ్య బకెట్టు పట్టుకుని రెండో పక్క నిలబడ్డాడు.

రాజవ్వ తలస్నానం చేసి, చేతిలో పాలచెంబుతో, పళ్ళెంలో పసుపు కుంకుమలతో లోపలి నుంచి వచ్చింది. తొట్టి ముందు నుంచి నడిచి, దాని వైపు చూడకుండానే, వీధి గుమ్మం దాకా వెళ్ళింది.

సార్ ఉండలేకపోయారు. “అవ్వా, ఏడికి పోతున్నవు?”

“పుట్టకాడికి. పంచమి గదరా.”

“మరి ఈడ పొయ్యవా?”

ఆమె గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, కొడుకును కింది నుంచి పై దాకా చూసింది. “చేపల నీళ్ళల్ల పాలు పోస్తే చేపలు బతుకుతయారా? గింత గూడ ఎరుకలేదు, నీకు చేపల నౌకరి ఎవరిచ్చిండ్రురా?”

అని వెళ్ళిపోయింది. మల్లయ్య బకెట్టు కింద పెట్టి, దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. సార్ వరుసగా పెట్టిన బకెట్లను చూశారు. తర్వాత, ఈ గోలెం నీళ్ళు వృథా కానీయకండి, మొక్కలకు పోయండి అన్నారు.

ఆమె తిరిగి వచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచి ఫలహారం పెట్టింది. రోలు మీద బోర్లించిన పళ్ళెం లేదు. పొత్రం రోట్లో ఉంది. మర్నాడు హైదరాబాదు సారుకు గారెలు చేయాలని పప్పు కూడా నానబెట్టుకుంది. నేను పొత్రాన్ని చూశాను. నేను చూడడాన్ని ఆమె చూసింది.

“రెండుమార్లు అడిగిన బిడ్డా” అంది. “ఇన్‌స్పెక్షన్ కానియ్యి అవ్వా, అటెనుక ఇస్త అన్నడు. వాని ఇన్‌స్పెక్షన్లు ఎన్నడైతయో ఎవనికెరుక? గా పొత్రం నా పెండ్లినాడు నేను తెచ్చుకున్నది. గా రోట్లెనే అరిగింది. ఇంకోటి తెచ్చేస్తే దీంట్ల కూసోదు. చెప్తే ఇనలే. నలుగుట్ల లొల్లి పెడితే, ఆఫీసరు తల్లి పొత్రం కోసం కొట్లాడిందంటరు. పొత్రం గురించి చెప్తే ఇననోడు నాగన్న గురించి చెప్తే ఇంటడని ఎరుక.”

నాగన్న అంటే కోపం రాదా అని అడిగాను. ఇంత పెద్ద ప్రశ్న నేను అడగగలనని నాకు తెలియదు.

“నాగన్నకెందుకు కోపం? మంచి గద్దె ఇప్పించిన గద” అంది. “నువ్వు గిట్ల నోరు తెరిచి గద్దె అన్నవు గాబట్టి పనైంది. లేకుంటే నిజంగనే ఒక చెంచడు పాలు పోసేదాన్ని. తప్పేది గాదు.”

ఆ చెంచాడు పాల మాట వినగానే నాకు గారెలంత కళ్ళయ్యాయి. ఆమె నవ్వి తొక్కు వడ్డించింది. ఆ తొక్కు తిన్నాక సార్ రిమార్కు ఎంత న్యాయమైనదో అర్థమైంది.

మర్నాడు డిప్యూటీ డైరెక్టరు వచ్చారు. తొట్టి ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, చేతికర్రను నీళ్ళలోకి దించి పడగను నెట్టారు. కదలలేదు. ఇంకొంచెం గట్టిగా నెట్టారు. కదలలేదు. తీగ కనిపించదు, దారం కనిపించదు, ఎట్లా నిలబడిందని అడిగారు. సార్ ప్రొసీజరు ప్రకారం అని మొదలుపెట్టి, అది ఎక్కడా అచ్చులో లేదని గుర్తొచ్చి ఆగిపోయారు. తలుపు చాటు నుంచి రాజవ్వ గొంతు వచ్చింది. “గా పిల్లనడుగుండ్రి సారూ. గద్దె చేపించింది గామెనే.”

డిప్యూటీ డైరెక్టరు నా వైపు తిరిగారు. బండ గురించి, సున్నం గురించి, వెదురు చీల ఉబ్బడం గురించి, కర్ర గాజుకు ఎంత ఎడంగా ఉండాలో, ఎందుకుండాలో చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆయన దారంతో రాయి ఎందుకు కట్టలేదని అడిగారు. ఇంట్లో అభ్యంతరం వచ్చిందని చెప్పాను. ఏమని అని ఆయన అడగలేదు. ఎందుకంటే అప్పుడే గారెలు, అల్లం తొక్కు వచ్చాయి. ఆయన తొక్కు రెండోసారి అడిగి వేయించుకున్నారు. సార్ కూడా వేయించుకున్నారు. అవ్వ చేతికి మళ్ళీ రుచి వచ్చిందని సంతోషంగా చెప్పారు. దానికి కారణం మేమెవరమూ ఆయనకు చెప్పలేదు.

చేపల గది మంజూరు కావడానికి చాలాకాలం పట్టింది. కానీ తనిఖీ నోటులో, ఈ అసిస్టెంటును టైపు పనికి వాడరాదని ఒక వాక్యం ఉంది. సార్‌కు అది అచ్చులో వచ్చిన ప్రొసీజరుతో సమానం. వెంటనే నన్ను చెరువుల మీద వేశారు. ఆ గది వచ్చాక గదికి వేశారు. అక్కడ పెట్టిన ప్రతి తొట్టిలోనూ కర్రను అడుగు బండ మీద వెదురు చీలతోనే నిలబెట్టించాను.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎన్నో ఊళ్ళలో అభ్యంతరాలు విన్నాను. బోథ్ దగ్గర ఒక చెరువులో చేపపిల్లలు వదలబోతే, కట్ట మీది అమ్మవారు ఒప్పుకోదని ఊరి ఆడవాళ్ళు అడ్డం కూర్చున్నారు. మా ఇన్‌స్పెక్టరు వాళ్ళకు చేపల పెంపకం లాభాల మీద ఉపన్యాసం ఇవ్వబోయాడు. నేను అతన్ని ఆపి, కట్ట వెంట నడిచి చూశాను. వల దించడానికి వీలుగా, ఆ ఆడవాళ్ళు బట్టలుతికే బండలను మా మనుషులు పక్కకు దొర్లించి ఉన్నారు. బండలు వెనక్కి పెట్టించాక, అమ్మవారు ఆ సాయంత్రమే ఒప్పుకుంది.

అభ్యంతరం ఏ దేవుడి పేరుతో వచ్చినా, ముందు వాళ్ళ దగ్గర నుంచి మనం ఏం తీశామో చూసుకోవాలి. తీసింది తిరిగి ఇచ్చాకే చీల కొట్టాలి. అప్పుడే అది బిగుస్తుంది.